ఆ టక్‌టక్ సంగతి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. కన్వేయర్ గేర్‌బాక్స్ టక్‌టక్‌మంటున్నా మీటర్లో వైబ్రేషన్ ఎప్పటిలాగే ఉందని, అందుకని మీవాళ్లు పట్టించుకోవడం లేదని రాశావు. ఆ మీటరు అంకెను నమ్ముకోకురా. పగులున్న గేరు పన్ను చుట్టుకి ఒక్కసారే, అదీ రెప్పపాటులో కొడుతుంది. మీటరు మొత్తానికీ సగటు కడుతుంది కాబట్టి ఆ దెబ్బ అందులో కలిసిపోతుంది.

ముందు పళ్లు లెక్కపెట్టు. నువ్వు రాసిన ప్రకారం పినియన్‌కి, అంటే మోటారు తిప్పే చిన్న గేర్‌కి 23, పెద్ద గేర్‌కి 67, మోటారు 1480 ఆర్‌పీఎం. అంటే పినియన్ సెకనుకి 24.67 చుట్లు. దాన్ని 23తో గుణిస్తే 567 హెర్ట్జ్ (సెకనుకి 567 సార్లు), ఇదే పళ్లు కలిసే ఫ్రీక్వెన్సీ. 67తో భాగిస్తే పెద్ద గేరు వేగం 8.47 హెర్ట్జ్. స్పెక్ట్రమ్‌లో, అంటే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత వైబ్రేషన్ ఉందో చూపే గ్రాఫులో, 567 దగ్గర శిఖరం కనిపించగానే కంగారుపడకు, మంచి గేరులోనూ అది ఉంటుంది, లోడుతో పెరుగుతుంది, తగ్గుతుంది. చూడాల్సింది దానికి రెండు పక్కలా సమాన ఎడంతో మొలిచే చిన్న శిఖరాలను, అంటే సైడ్‌బ్యాండ్లను. 8.47 ఎడంతో ఉంటే పెద్ద గేరుది తప్పు, 24.67 ఎడంతో ఉంటే పినియన్‌ది. 1134 దగ్గర, అంటే రెండింతల దగ్గర ఎక్కువగా లేస్తుంటే గేర్ల అలైన్‌మెంట్ మీద అనుమానపడు.

రీడింగ్ 2000 హెర్ట్జ్ దాకా, 3200 లైన్లతో, అంటే గ్రాఫును అన్ని ముక్కలు చేసి తీయించు. అప్పుడు లైనుకి 0.625 హెర్ట్జ్ వస్తుంది, సైడ్‌బ్యాండ్లు విడివిడిగా తెలుస్తాయి. 400 లైన్లతో తీస్తే లైనుకి 5 హెర్ట్జ్, అన్నీ ఒక గుట్టలా కనిపిస్తాయి. మీ దగ్గర చాలామంది చేసే పొరపాటు ఇదేనని నా అనుమానం. సెన్సార్‌ని బేరింగ్ హౌసింగ్ మీద, పెయింట్ గీకి, స్టడ్‌తో (మరలున్న పిన్నుతో) బిగించండి. చేత్తో అదిమి పట్టుకుంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీలు సరిగ్గా అందవు.

అన్నిటికంటే ముఖ్యం టైమ్ వేవ్‌ఫామ్, అంటే క్షణక్షణానికీ వైబ్రేషన్ ఎలా మారుతోందో చూపే గ్రాఫు. వెలాసిటీలో వద్దు, యాక్సిలరేషన్‌లోనే చూడు. పై సెట్టింగ్‌తో 1.6 సెకన్ల రికార్డు వస్తుంది, అందులో పెద్ద గేరు 13 చుట్లు తిరుగుతుంది. ప్రతి 118 మిల్లీసెకన్లకి గ్రాఫులో ముల్లులాంటి గీత ఒకటి లేస్తుంటే పెద్ద గేరులో ఒకే పన్ను కొడుతోందన్నమాట. 40.5కి ఒకటైతే పినియన్. బేరింగ్ చప్పుడు అడ్డొస్తే షాఫ్ట్‌కి రిఫ్లెక్టివ్ టేప్ అంటించి, టాకో (చుట్టు చుట్టుకీ గుర్తు ఇచ్చే సెన్సార్) సిగ్నల్‌తో 100 చుట్లు సగటు తీయించు. షాఫ్ట్‌తో కలిసి రానివి కరిగిపోతాయి, ఆ పన్ను దెబ్బ మిగులుతుంది.

కర్టోసిస్, అంటే సిగ్నల్‌లో ముళ్లు ఎంత ఎక్కువగా ఉన్నాయో చెప్పే అంకె, చూస్తామంటే చూడనీ. మామూలుగా 3 దగ్గర ఉంటుంది, దెబ్బలు మొదలైతే పెరుగుతుంది. అయితే పాడు అన్ని పళ్లకీ పాకాక మళ్లీ తగ్గుతుంది, అప్పుడు బాగుపడిందనుకుంటే ప్రమాదం.

బెల్టు ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం కొలవకండి. లోడు లేనప్పుడు పళ్లు వదులై వాటికవే కొట్టుకుంటాయి. ప్రతిసారీ ఒకే లోడులో తీయండి. ముల్లు ఖాయమని తేలితే మోటారు సప్లై లాక్ చేయించి, ఇన్‌స్పెక్షన్ కవర్ తీసి, చేత్తో తిప్పుతూ ప్రతి పన్ను మొదలు దగ్గరా డై పెనెట్రెంట్ (పగుళ్లలోకి ఇంకి వాటిని బయటపెట్టే రంగు) వేయించు. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి ఇనుప పొరలు అంటుకున్నాయేమో కూడా చూడండి.

వేవ్‌ఫామ్ ప్రింటు పంపు, లోడు ఎంతో దాని మీదే రాయి. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ,
రఘు