కంపాలా వెళ్ళే వాసుకు అమ్మ ఉత్తరం

పెద్దాపురం,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి వాసుకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నాన్నగారి కంటి ఆపరేషన్ అయ్యాక చుక్కల మందు వేళ తప్పకుండా వేస్తున్నాను. పేపరు చదవవద్దని డాక్టరు గట్టిగా చెప్పినా, నల్లకళ్ళద్దాల సందులోంచి చూస్తూనే ఉన్నారు. వెనకింటి పనస ఈసారి విరగకాసింది. నీకు కందిపొడి, గోంగూర పచ్చడి సిద్ధం చేశాను. సీసాలైతే విమానంలో పగులుతాయని, పచ్చళ్ళ కొట్టు వాళ్ళ చేత గట్టి కవర్లలో పోయించి సీలు వేయించాను. అక్క వారానికి రెండుసార్లు మాట్లాడుతుంది. నువ్వు పండక్కి వచ్చి వెళ్ళాక ఫోను చేయలేదు. ప్రయాణం హడావుడిలో ఉంటావు, నాకు తెలుసు. అందుకే ఫోను చేసి విసిగించకుండా రాస్తున్నాను.

మొన్న సీత పిన్ని వచ్చింది. మోకాళ్ళ నొప్పి తగ్గిందట. మాటల మధ్యలో, మీ ఆఫీసు నుంచి కంపాలా వెళ్ళే కుర్రాళ్ళకు టిక్కెట్ల ఏజెంటే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు చూపే కార్డులు తెప్పించి ఇచ్చాడని, ఎవరూ సూది వేయించుకోలేదని వాళ్ళ కిరణ్ చెప్పినట్టు అంది. వాళ్ళలో నువ్వు ఉన్నావో లేదో తెలియదంది. నేను గుచ్చి గుచ్చి అడగలేదు. పిన్ని సంగతి నీకు తెలిసిందే కదా, ఒకటి వింటే నాలుగు చెబుతుంది.

నువ్వు ఉండే బేగంపేటలోనే రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ భవనం ఇప్పటికీ ఉంది. టీకాలు వేసే ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు శిక్షణలో ఈ సంగతి చెప్పారు. ఏదో గుర్తొచ్చి రాస్తున్నాను. ఆ దోమ రాత్రిళ్ళు కుడుతుంది, ఎల్లో ఫీవర్ దోమ పగలు కుడుతుంది. రెండూ నువ్వు వెళ్ళే ఉగాండాలో ఉన్నాయి. దోమతెర ఒకటి కొనిపెట్టాను, సూట్‌కేసులో అడుగున సర్దుకో.

పండక్కి వచ్చినప్పుడు అన్నావు కదా, ల్యాబు వాళ్ళు ప్రయాణానికి ముందు చేయించుకునే హెల్త్ చెకప్ అంటూ పెద్ద ప్యాకేజీ చూపించారని, అంత డబ్బు దండగని. అప్పుడు చుట్టాలు ఉన్నారని మాట్లాడలేదు. నీ మాటలో సగం నిజం ఉంది. అందులో క్యాన్సర్ మార్కర్లని, విటమిన్లని నీ వయసుకు అక్కర్లేని పరీక్షలు బోలెడు కలుపుతారు. అవి తీసేయించు. బీపీ, షుగరు, మూత్రపిండాలకు క్రియాటినిన్, రక్తం లెక్క, ఛాతీ ఎక్స్‌రే, పళ్ళ డాక్టరు, ఇవి చాలు. పళ్ళ సంగతి తేలిగ్గా తీసుకోకు, ఆ కింది దవడ పన్ను రెండేళ్ళుగా వాయిదా వేస్తున్నావు. అక్కడ నొప్పి పుడితే నీ జేబులోంచే పెట్టుకోవాల్సి రావచ్చు. ప్రయాణ బీమా చాలావరకు అక్కడికి వెళ్ళాక వచ్చే జబ్బుకే కాని, ముందు వేయించుకునే టీకాలకూ పరీక్షలకూ ఇవ్వదు. కంపెనీ పంపిస్తోంది కాబట్టి ఆ రశీదులు వాళ్ళకే పెట్టు, అడగడానికి మొహమాటపడకు. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో కడుతుంటే ముందస్తు ఆరోగ్య పరీక్షలకు 5,000 రూపాయల దాకా మినహాయింపు ఉందని నాన్నగారు రాయమన్నారు. ఆరోగ్య బీమా ప్రీమియంతో కలిపి ఉన్న 25,000 లోపలే అది. నగదుగా కట్టినా చెల్లుతుందట.

ఇక టీకాలు. వీటి ఖర్చు ఒక ప్రయాణానికి లెక్కేస్తే ఎక్కువగానే కనిపిస్తుంది. అలా లెక్కేయకూడదు నాన్నా. ఎల్లో ఫీవర్ సూది ఒక్కసారి వేయించుకుంటే చాలు. ఇదివరకు పదేళ్ళకొకసారి కార్డు మార్చుకోవాలనేవారు, 2016 జూలై నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది. నీకు అరవై ఏళ్ళు వచ్చినా అదే కార్డు. టైఫాయిడ్ టీకా మన హైదరాబాదులోనే తయారవుతుంది, కొన్నేళ్ళు కాపాడుతుంది. హెపటైటిస్ ఏ అనే కామెర్ల జబ్బు టీకా రెండు మోతాదులు, ఆరు నెలల తేడాతో. కాని నీకు మూడో తరగతిలో కామెర్లు వచ్చాయి, మంచం మీద పడుకుని మజ్జిగ అన్నం తప్ప ఇంకేమీ తినలేదు. అది ఆ జబ్బే అయితే నీకిక టీకా అక్కర్లేదు. ముందు యాంటీబాడీ పరీక్ష చేయించు, దానితో రెండు సూదుల డబ్బు మిగలవచ్చు. అక్కడ వీధి కుక్కలు ఎక్కువని కిరణ్ అన్నాడు, రేబిస్ టీకా గురించి కూడా డాక్టరును అడుగు. ముందే వేయించుకున్నవాళ్ళకు కుక్క కరిచాక గాయం దగ్గర వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు అక్కర్లేదు, రెండు సూదులతో పోతుంది. ఆ ఇమ్యునోగ్లోబ్యులిన్ మారేడుమిల్లి ఏజెన్సీ ఊళ్ళలో దొరక్క మేం ఎంత అవస్థపడ్డామో నాకు తెలుసు.

సత్యం మామయ్య సంగతి నీకు పూర్తిగా తెలియదు. నువ్వు అప్పుడు ఒకటో తరగతి. మామయ్య ఉగాండాలోనే ఒక చక్కెర ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి నాలుగు నెలలకని వెళ్ళాడు. అక్కడున్నన్నాళ్ళూ మలేరియా రాకుండా రోజూ డాక్సీసైక్లిన్ మాత్ర వేసుకున్నాడు. కూతురు సుజాత పెళ్ళికని వచ్చాడు. విమానం దిగగానే మాత్రలు మానేశాడు, ఇంటికొచ్చేశాను కదా అని. ఆ మాత్ర తిరిగి వచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. అట్టపెట్టెలో మిగిలిన మాత్రలు అలాగే ఉన్నాయి, పెళ్ళి పనుల్లో అత్తయ్య వాటిని అలమరలో పెట్టేసింది. సరిగ్గా సుజాతను పెళ్ళికూతుర్ని చేసే రోజున చలిజ్వరం పట్టుకుంది. ఊళ్ళో డాక్టరు టైఫాయిడ్ అన్నాడు, సెలైన్ ఎక్కించాడు. చుట్టాలు అలసట అన్నారు, నీళ్ళ మార్పు అన్నారు, దిష్టి తీశారు. ఎక్కడి నుంచి వచ్చాడో ఒక్కరూ అడగలేదు. నేను సెలవు దొరికి మారేడుమిల్లి నుంచి వచ్చేసరికి మనిషి మాట తడబడుతోంది, కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో పోతోంది. నా సంచిలో ఎప్పుడూ ఉండే లాన్సెట్, గాజు పలకలు తీసి, వరండాలోనే వేలు పొడిచి రెండు రక్తపు పూతలు తీశాను. సైకిలు మీద నాన్నగారు ఆసుపత్రి ల్యాబుకు పట్టుకెళ్ళారు. గంటలో కబురు వచ్చింది, ఫాల్సిపారం, ప్రాణాల మీదికి తెచ్చే మలేరియా. ఆ రాత్రికే కాకినాడ తీసుకెళ్ళాం. మూడుసార్లు డయాలసిస్ చేశారు. బతికాడు. కన్యాదానం చిన్న మామయ్య చేశాడు. పెళ్ళికని దాచిన సొమ్మంతా ఆసుపత్రికి పోయి, అత్తయ్య గాజులు కూడా తాకట్టులోకి వెళ్ళాయి. అలమరలో ఉన్న ఆ మాత్రలన్నీ కలిపి రెండు వందల రూపాయలు కూడా ఉండవు.

నీకు ఏ మలేరియా మాత్ర, ఎన్నాళ్ళు అన్నది డాక్టరు చెబుతాడు. డాక్సీ అయితే భోజనం చేశాక నిండు గ్లాసు నీళ్ళతో వేసుకో, వేసుకున్న వెంటనే పడుకోకు, ఎండలో టోపీ లేకుండా తిరగకు. తిరిగి వచ్చిన ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, డాక్టరు అడగకపోయినా సరే, ఆఫ్రికా నుంచి వచ్చానని నోరు తెరిచి చెప్పు.

మళ్ళీ కార్డు దగ్గరికే వస్తున్నాను. మారేడుమిల్లి కొండల్లో నీలం డబ్బా భుజాన వేసుకుని, నాలుగు ఐసు ప్యాకుల మధ్య టీకా వయల్స్ పెట్టుకుని వాగులు దాటేవాళ్ళం. వయల్ మీద చిన్న చతురస్రం వేడికి రంగు మారిందేమోనని ప్రతి ఊళ్ళోనూ చూసుకునేదాన్ని. కొందరు తల్లులు బిడ్డ ఏడుస్తుందని, సూది వద్దు కార్డులో రాసేసి వెళ్ళమ్మా అని బతిమాలేవారు. నేను రిటైరయ్యే దాకా ఒక్క కార్డులోనూ వేయని టీకా వేసినట్టు రాయలేదు. నా కొడుకు చేతిలో అలాంటి కార్డు ఉందంటే నాకు నిద్ర ఎలా పడుతుంది? కార్డు విమానాశ్రయంలో అధికారికి, సూది నీకు. ఆ జ్వరానికి మందు లేదు నాన్నా. తగ్గినట్టే తగ్గి కొందరికి కామెర్లతో, రక్తస్రావంతో తిరగబెడుతుంది. దొంగకార్డని తేలితే వచ్చేటప్పుడు మన దగ్గరే ఆరు రోజుల దాకా విడిగా ఉంచేస్తారు, ఉద్యోగానికీ మచ్చ.

కిరణ్ చెప్పింది నిజమైనా కోప్పడను. ఆ కార్డు చింపేయ్. నీ ప్రయాణం 12న కదా. సూది వేసిన పది రోజులకు గాని కార్డు చెల్లదు, అంటే 2వ తేదీ దాటకూడదు. ఈ టీకా వేసే ప్రభుత్వ సంస్థ, నారాయణగూడ ఐపీఎంకు ముందు ఫోను చేసి ఏ రోజు, ఏ వేళకు వేస్తారో కనుక్కుని వెళ్ళు. ఆ మందు కలిపాక ఆరు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి, అందుకే నలుగురినీ ఒకేసారి రమ్మంటారు. పాస్‌పోర్టు పట్టుకెళ్ళు, దాని నంబరు కార్డులో ఎక్కిస్తారు. చిన్నప్పుడు గుడ్డు తింటే నీకు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చేవి. ఇప్పుడు తింటున్నానంటావు, అయినా ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి, ఈ టీకా గుడ్లలోనే పెంచుతారు. సూది పడ్డాక అరగంట అక్కడే కూర్చో, బైకు ఎక్కి పరిగెత్తకు. టిఫిను తినకుండా వెళ్ళకు.

నీ ఖాతాలో పదిహేను వేలు వేయించాను. నా పెన్షన్‌లోంచి ఇచ్చాను కాబట్టి నాన్నగారికి లెక్క చెప్పనక్కర్లేదు. అందులోంచి చెప్పులు కొనకు. కార్డు చేతికి రాగానే లోపలి పేజీ ఫొటో తీసి అక్క ఫోనుకు పంపించు. బ్యాచ్ నంబరు, ముద్ర, తేదీ స్పష్టంగా కనపడాలి.

నీ
అమ్మ