తిత్లీ తర్వాత మా ఊరికి వచ్చిన వాళ్లందరికీ

సంక్రాంతికి ఊరెళ్తే పెద్దవాళ్లంతా నా మీద పడ్డారు. "తిత్లీ తుపానుకి సాయం వచ్చినోళ్లకి మా అందరి తరఫునా దండం పెట్టి రాయి బాబూ, నీకు రాయడం వచ్చు కదా" అని ఒకటే పోరు. నిజమే, రాయాల్సింది ఎప్పుడో. కాకపోతే వచ్చినవాళ్లలో సగం మంది పేర్లు కూడా మాకు తెలియవు. పేరు అడుగుదామనుకునేలోపు పని ముగించుకుని పక్క ఊరికి వెళ్లిపోయారు. 2018 అక్టోబరులో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు మీలో ఎవరైనా వచ్చి ఉంటే ఇది మీకే. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. నేను ఉద్యోగరీత్యా విశాఖలో ఉంటాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు, మధ్యమధ్యలో 165 దాకా. ఉద్దానానికి, అంటే కొబ్బరి, జీడి తోటలున్న మా తీర ప్రాంతానికి, తుపాను కొత్త కాదు. 2013లో అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర దాటిన ఫైలిన్‌ని చూశాం, మళ్లీ ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖని ఏం చేసిందో చూశాం. దసరా నెల వస్తే సముద్రం వైపు ఒక చెవి వేసి పడుకోవడం మావాళ్లకి అలవాటే. కానీ ఆ రెండూ వదిలేసిన చెట్లని ఈసారి తిత్లీ వదల్లేదు.

"మనుషులు బాగానే ఉన్నారుగా, చెట్లేగా పోయింది" అని ఆఫీసులో ఒకరు అన్నారు. కోపం రాలేదు. ఉద్దానం చూడని వాళ్లకి అలాగే అనిపిస్తుంది. మాకు నెల జీతం ఉండదు. కొబ్బరి దింపుతోనే ఇంటి ఖర్చు. వేసవిలో జీడిపిక్కలే పిల్లల ఫీజులు, పెళ్లిళ్లు. పనస, మునగ పైఖర్చులకి. నాటు కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ఆ తర్వాత యాభై, అరవై ఏళ్లు తిండి పెడుతుంది. అంటే మేం తింటున్నది తాతలు నాటింది. ప్రభుత్వం కొబ్బరి చెట్టుకి 1500 చొప్పున పరిహారం ప్రకటించింది. మంచిదే, కాదనను. కానీ పడిన చెట్టుని నరికించి, మోడు తవ్వించి, దుంగని గట్టు దాటించడానికే అందులో చాలా భాగం పోతుంది. కొబ్బరి దుంగని ఆ రోజుల్లో ఊరికే ఇస్తామన్నా పట్టుకెళ్లే నాథుడు లేడు.

మొదటి దండం సముద్రం ఒడ్డునున్న మత్స్యకార కుర్రాళ్లకి. మా చిన్నాన్నకి డయాలసిస్ జరుగుతోంది. ఉద్దానంలో చాలామందికి కిడ్నీ జబ్బు ఉన్న సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. తుపాను గురువారం వచ్చింది, శుక్రవారం ఆయన వంతు. సోంపేట ఆసుపత్రికి వెళ్లాలంటే ముందు మా ఊరి నుంచి తారురోడ్డు ఎక్కాలి. ఆ దారంతా చెట్లు, వాటికి చుట్టుకున్న కరెంటు తీగలు. ఫోన్లు లేవు, 108ని పిలిచే దారే లేదు. ఎవరు కబురు చేశారో ఇప్పటికీ తెలియదు గానీ, పొద్దున్నే పదిహేను మంది దాకా గొడ్డళ్లు, కత్తులు పట్టుకుని వచ్చారు. వాళ్ల పడవలు ఎక్కడున్నాయో వాళ్లకే తెలియదు, వలలు ఇసకలో కూరుకుపోయి ఉన్నాయి. అయినా వచ్చారు. నరకగలిగినంత నరికారు. నరకలేని చోట చిన్నాన్నని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీ కాళ్లు నలుగురు పట్టుకుని, దుంగల మీదుగా చేతులు మార్చుకుంటూ దాటించారు. "నన్ను దేవుడి పల్లకీలా ఊరేగించారురా" అని ఆయన ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంటాడు. తారురోడ్డు మీద ఆటో దొరికింది, ఆసుపత్రిలో జనరేటరు మీద మిషను నడిచింది. సొంత ఇళ్లు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి కూడా వెళ్లకుండా డ్యూటీలో ఉండిపోయిన ఆ సిస్టర్లకీ, టెక్నీషియన్లకీ మా చిన్నమ్మ ప్రత్యేకంగా చెప్పమంది.

నేను విశాఖ నుంచి వెళ్లేసరికి ఊళ్లో అందరి నోటా ఒకటే మాట, నీళ్లు. ట్యాంకు ఉంది, బోరు ఉంది, కరెంటు లేదు. అప్పుడు వచ్చాడు విజయనగరం వైపు నుంచి ఒక టెంట్‌హౌస్ ఆయన, పెళ్లిళ్లకి అద్దెకిచ్చే జనరేటరు వ్యాన్‌లో వేసుకుని. దసరాకి బుక్ అయిన పందిళ్లు వదులుకుని వచ్చానన్నాడు. ఊరికో గంట చొప్పున మోటారు ఆడించి ట్యాంకు నింపేవాడు, ఆ గంటలోనే ఊళ్లో ఫోన్లన్నీ చార్జింగు. జనరేటరు చుట్టూ ఆడవాళ్లు బిందెలతో, కుర్రాళ్లు చార్జర్లతో. అద్దె ఎంతని అడిగితే "డీజిల్ పోయించండి చాలు" అన్నాడు. రెండోసారి వచ్చినప్పుడు డీజిల్ కూడా ఆయనే తెచ్చుకున్నాడు.

ఇక లైన్‌మెన్ల గురించి. వేరే జిల్లాల నుంచి లారీల్లో, డీసీఎం వ్యాన్లలో దిగారు. మాకు తెలిసినంతలో ముందు సబ్‌స్టేషన్‌కి వచ్చే పెద్ద లైను నిలబెట్టాలి, తర్వాత అక్కడి నుంచి ఊళ్లవైపు వచ్చే పదకొండు కేవీ లైను, ఆ తర్వాతే ఊళ్లో వీధి లైను. కాబట్టి ఊరికి కరెంటు రాలేదంటే ఊళ్లో పని జరగలేదని కాదు, ఎక్కడో తోటల మధ్య పెద్ద లైను మీద పని జరుగుతోందని. మొదట్లో ఇది అర్థంకాక మావాళ్లు కొందరు గొడవపడ్డారు, మాటలు కూడా తూలారు. వాళ్లు మాత్రం ఒక్క మాట అనలేదు. మా నేల ఇసక నేల, గుంత తవ్వితే పక్కల నుంచి జారి మళ్లీ పూడుకుపోతుంది. తోటల్లోకి క్రేన్ రాదు. తాళ్లు కట్టి, వెదుళ్లు ఊతమిచ్చి, ఊరివాళ్లు ఒక పక్క, వాళ్లు ఒక పక్క "ఐసా" అంటూ సిమెంటు స్తంభాలు లేపారు. ఒక కుర్రాడి అరచేతులు తాడు రాపిడికి తోలు లేచిపోయాయి. మా అమ్మ పసుపు, కొబ్బరినూనె రాసి గుడ్డ కట్టింది. మధ్యాహ్నానికి ఆ గుడ్డతోనే మళ్లీ స్తంభం మీద ఉన్నాడు.

రాత్రిళ్లు బడి వరండాలో పడుకునేవాళ్లు. వంట ఊరిదే. రాలిపోయిన కాయలు ఇంటింటా కుప్పలు కదా, మూడు పూటలా కొబ్బరి పచ్చడే, కొబ్బరి వేసిన కూరే. ఆఖరికి వాళ్లలో పెద్దాయన మొహమాటంగా "అమ్మా, ఈ ఒక్క పూటా ఉత్త చారు పోయండి" అని బతిమాలాడు. ఊరంతా నవ్వింది. తుపాను తర్వాత ఊరంతా కలిసి నవ్వడం అదే మొదలు. దసరా చీకట్లో గడిచిపోయినా దీపావళికి ముందే మా వీధిలో బల్బు వెలిగింది. అన్నలూ, మిమ్మల్ని సరిగ్గా సాగనంపలేకపోయాం. వెలిగిన సంబరంలో మేమంతా టీవీల దగ్గరికి పోతే, మీరు సామాను సర్దుకుని వెళ్లిపోయారు. మళ్లీ ఎప్పుడైనా ఇటు వస్తే చారు గ్యారంటీ.

బియ్యం, టార్పాలిన్లు, కొవ్వొత్తులు, దోమల చుట్టలు, పాలపొడి పంపిన అందరికీ నమస్కారం. పాత బట్టల గురించి మాత్రం ఒక మాట అనకుండా ఉండలేను. పంపిన మనసు మంచిదే. కానీ లారీకి లారీ దిగితే, వానలో నానుతున్న ఊళ్లో అవి పెట్టుకునే చోటు ఉండదు. చిరిగిన చీర చేతికిస్తుంటే తీసుకునేవాళ్లకి ఎలా ఉంటుందో కూడా ఆలోచించాలి. హైదరాబాద్ నుంచి ఒక స్నేహితుల బృందం సరుకు కొనకముందే ఫోన్ చేసి "ఏం కావాలి?" అని అడిగింది. మా ఊరి పెద్దలు తడుముకోకుండా "రంపం" అన్నారు. పెట్రోలుతో నడిచే రంపం మిషను, రెండు చైన్లు అదనంగా, బస్సులో వేసి పంపారు. వాళ్లు అది అడిగి ఉండకపోతే మాకు ఇంకో వంద దుప్పట్లు వచ్చేవి.

దుబాయ్, ఖతార్‌లలో వెల్డర్లుగా, ఫిట్టర్లుగా ఉన్న మా ఊరి కుర్రాళ్లు పంపిన డబ్బుతో జేసీబీ అద్దెకి తీసుకున్నాం. ముందు ఎవరి తోట అన్నదాని మీద పంచాయితీ గట్టిగానే జరిగింది, దాచుకోవడం ఎందుకు. చివరికి మగదిక్కు లేని ఇళ్ల తోటలు, డయాలసిస్‌కి తిరిగేవాళ్ల తోటలు ముందు బాగుచేయాలని తేల్చారు. సొంత తోట ఆఖరున పెట్టుకున్న ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ల పేర్లు రాస్తే నన్ను ఊళ్లోకి రానివ్వరు.

అందరికన్నా ఆలస్యంగా వచ్చి ఎక్కువ మేలు చేసినాయన ఒకరున్నారు. కోనసీమ రైతు, అరవై దాటి ఉంటాయి. నవంబరులో, కెమెరాలన్నీ వెళ్లిపోయాక, కొబ్బరి మొక్కలు వేసుకుని మినీ లారీలో వచ్చాడు. 1996 నవంబరు 6 తుపానుకి తన తోట మొత్తం పోయిందట. "అప్పుడు మాకు చెప్పేవాళ్లు లేక నిలబడే చెట్లు కూడా నరికేసుకున్నాం" అన్నాడు. తోట తోటకీ తిరిగి చూశాడు. వాలిపోయినా మొవ్వు (తలలోని లేత చిగురు) పచ్చగా ఉన్న లేత చెట్లని నరకొద్దని, నెమ్మదిగా లేపి, గుంజలు కట్టి, మొదట్లో మట్టి ఎగదోయమన్నాడు. మొవ్వు కుళ్లకుండా వేసే బోర్డో మిశ్రమం అనే తెగులు మందు ఎలా కలపాలో బకెట్లో కలిపి చూపించాడు. పడిన దుంగలు తోటలో కుళ్లితే కొమ్ము పురుగు అందులోనే పిల్లలు పెట్టి, మిగిలిన చెట్ల మొవ్వులు తినేస్తుందని, ముందు అవి బయటికి లాగించమన్నాడు. మేం నరకాలని సున్నంతో గుర్తు పెట్టుకున్న చెట్లలో చాలావాటి మీద గుర్తు ఆయనే చెరిపేశాడు. సంక్రాంతికి చూస్తే వాటిలో కొన్ని కొత్త ఆకు వేస్తున్నాయి. అన్నీ బతుకుతాయని చెప్పలేం.

డిసెంబరు 17న పెథాయ్ తుపాను ఆయన కోనసీమలోనే కాట్రేనికోన దగ్గర తీరం దాటుతోందని టీవీలో చూడగానే మావాళ్లు మొదట ఫోన్ చేసింది ఆయనకే. రంపం మిషను పంపమంటారా, కుర్రాళ్లని కూడా ఇచ్చి పంపుతాం అన్నారు. "కొబ్బరి నిలబడిందండీ, అరటి పడింది. అరటికి రంపమెందుకు, కత్తి చాలు" అన్నాడట ఆయన.

ఆ మిషను ఇప్పుడు మా పంచాయతీ ఆఫీసులో ఉంది. చైన్ పదును పెట్టించి పెట్టాం. చుట్టుపక్కల ఏ ఊరివాళ్లు అడిగినా ఇస్తాం, నడపడం వచ్చిన కుర్రాడు కూడా వస్తాడు. పెట్రోలు మాత్రం మీరే పోయించుకోవాలి.