సినిమాటోగ్రఫీ డిప్లొమాలో జరగని ప్రాక్టికల్స్‌పై ఫిర్యాదు

కోర్సు డైరెక్టర్ గారికి,

విషయం: ఏడాది సినిమాటోగ్రఫీ డిప్లొమాలో బ్రోషర్‌లో రాసిన ప్రాక్టికల్స్ జరగకపోవడం, ప్లేస్‌మెంట్ హామీ గురించి.

అయ్యా,

మీ బ్రోషర్‌లోని సిలబస్‌నూ, మొదటి రెండు టర్ముల్లో జరిగిన క్లాసులనూ పక్కపక్కన పెట్టి చూశాక ఈ లేఖ రాస్తున్నాం. కెమెరా మెనూలు బాగానే నేర్పారు. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో బ్యాచ్‌లో అందరికీ తెలుసు. అయితే అది మాన్యువల్ చదివినా తెలిసేదే. ఈ కోర్సుకు ఫీజు కట్టింది లైటింగ్ నేర్చుకోవడానికి. లేనిదల్లా అదే.

లైటింగ్ ఫ్లోర్ అని చూపించే గదిలో ఎల్‌ఈడీ ప్యానెళ్లు సీలింగ్‌కు బిగించి ఉన్నాయి. కదలని లైటుతో లైటింగ్ ఎలా నేర్పుతారు? చిన్న లైటును మనిషికి 2 మీటర్ల నుంచి 4 మీటర్ల దూరానికి జరిపితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, అంటే రెండు స్టాపులు (వెలుగు సగానికి తగ్గితే ఒక స్టాపు). దాంతోపాటే ముఖానికీ వెనక గోడకూ మధ్య వెలుగు తేడా కూడా తగ్గుతుంది. ఈ రెండో సంగతి బోర్డు మీద గీస్తే బుర్రకెక్కదు, స్టాండు జరిపి మీటరుతో కొలిచి చూడాల్సిందే. బ్రోషర్‌లో ఫొటో వేసిన, మనిషి మీద పడే వెలుగును కొలిచే ఇన్సిడెంట్ మీటరేమో బీరువాలోంచి బయటికి రాలేదు. మానిటర్ చూసి ఎక్స్‌పోజర్ పెట్టమంటున్నారు. మానిటర్ బ్రైట్‌నెస్ ఎవరైనా పెంచి వదిలేస్తే తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసిన షాట్ కూడా నిండుగానే కనిపిస్తుంది. తప్పు బయటపడేది డీఐలో (రంగులు, వెలుగు సరిదిద్దే దశలో) కూర్చున్నాకే. ఫ్రేములో వెలుగు స్థాయిలను చూపే వేవ్‌ఫామ్ గ్రాఫు చదవడం కూడా నేర్పలేదు. పైగా కీ (ప్రధాన లైటు), ఫిల్ (నీడలను నింపే లైటు) 4:1 నిష్పత్తిలో పెట్టమని టర్ము పరీక్షలో అడిగారు, కొలిచే సాధనం మాత్రం ఇవ్వలేదు.

ఖరీదైన సామగ్రి కావాలని మేం అడగడం లేదు. స్టాండ్ల మీద మూడు లైట్లు, రెండు థర్మకోల్ షీట్లు, వెలుగును మెత్తబరిచే ఒక స్కిమ్మర్, వెలుగును అడ్డుకునే రెండు నల్ల కట్టర్లు, ఒక మీటరు ఉంటే మొదటి టర్ము లైటింగ్ మొత్తం చెప్పొచ్చు.

రెండో టర్ము ఇండోర్ ఎక్సర్‌సైజుల్లో చాలా షాట్లకు ఫ్లికర్ (వెలుగు మినుకుమినుకుమనడం) వచ్చింది. కారణం, కెమెరాల షట్టర్‌ను 1/60 సెకను దగ్గరే వదిలేయమనడం. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట ట్యూబ్‌లైటు వెలుగు సెకనుకు 100 సార్లు ఎగసి పడుతుంది. షట్టర్ 1/50 ఉంటే ప్రతి ఫ్రేముకూ సరిగ్గా రెండు పల్సులు అందుతాయి, వెలుగు నిలకడగా ఉంటుంది. 1/60లో ఆ లెక్క కుదరక ఒక్కో ఫ్రేముకు ఒక్కోలా పడుతుంది. సెకనుకు 24 ఫ్రేములతో తీసేటప్పుడు షట్టర్ యాంగిల్‌ను (ఒక్కో ఫ్రేము ఎంతసేపు వెలుగు తీసుకోవాలో కోణంలో చెప్పే సెట్టింగ్) 180 డిగ్రీల నుంచి 172.8కి మారిస్తే 1/50 వస్తుంది. ఐదు నిమిషాల పాఠం ఇది. దీనికి మాకు దొరికిన జవాబు 'ఎడిటింగ్‌లో సరిచేసుకోండి' అని. ఫ్రేమంతా ఒకేలా మినుకుతుంటే కొంతవరకు సర్దవచ్చేమో గానీ, సెన్సర్‌ను వరుస తర్వాత వరుసగా చదివే రోలింగ్ షట్టర్ వల్ల అడ్డపట్టీలు ముఖం మీదుగా పాకుతుంటే మళ్లీ తీయడమే నయం.

కలర్ గ్రేడింగ్ క్లాసుకు ఇచ్చిన ఫుటేజీ లాగ్‌లో (గ్రేడింగ్‌కు వీలుగా తక్కువ కాంట్రాస్ట్‌తో) తీసిందే, కానీ 8 బిట్. ఒక్కో రంగుకు 256 మెట్లే కాబట్టి గ్రేడింగ్‌లో రంగును కాస్త మార్చగానే ఆకాశం చారలు చారలుగా విడిపోయింది. అదే 10 బిట్‌లో 1024 మెట్లు ఉంటాయి. మీ కెమెరాల్లో ఆ సెట్టింగ్ ఉంది, వాడనివ్వలేదంతే.

35 ఎంఎం ఫిల్ము ప్రాక్టికల్ అన్నది ఫిల్ము రోలు పెట్టే ఖాళీ మ్యాగజైన్‌ను దూరం నుంచి చూపించడంతో ముగిసింది. 400 అడుగుల రోలు సుమారు నాలుగున్నర నిమిషాలే నడుస్తుంది కాబట్టి ముడిఫిల్ము వృథా చేయలేమన్న మీ మాట సరైనదే. లోడింగ్ నేర్పడానికి మాత్రం పాడైన డమ్మీ రోలు, వెలుగు తగలకుండా ఫిల్ము ఎక్కించే చేంజింగ్ బ్యాగు చాలు కదా.

అడ్మిషన్ల దగ్గరే తేడా మొదలైంది. ప్రవేశ పరీక్ష, పోర్ట్‌ఫోలియో, ఇంటర్వ్యూ అన్నారు, పోర్ట్‌ఫోలియో తెరవకుండానే సీట్లిచ్చారు. బ్రోషర్‌లో కెమెరాకు నలుగురే అని రాసింది ఊరికే కాదు. ఆపరేటర్, ఫోకస్ పుల్లర్, క్లాప్, లైటు, ఇలా తలా ఒక పని చేస్తూ మార్చుకుంటే అందరి చేతికీ అన్నీ వస్తాయి. ఇప్పుడు ఒక్కో కెమెరాకు పదిహేను మంది, అందులో పదకొండు మంది ప్రేక్షకులు.

ఇక 'కోర్సు కాగానే డీఓపీ (అంటే సినిమా ముఖ్య ఛాయాగ్రాహకుడు), నూరు శాతం ప్లేస్‌మెంట్' అన్న వాక్యం. ఈ రంగంలో పని సినిమా సినిమాకూ విడిగా వస్తుంది. కొత్తవారు సాధారణంగా అసిస్టెంట్‌గానే మొదలవుతారు: బ్యాటరీలు చార్జింగ్ పెట్టడం, క్లాప్ కొట్టడం, కెమెరా రిపోర్ట్ రాయడం, కార్డులోని డేటాను చెక్‌సమ్‌తో (కాపీ అసలుతో సరిపోయిందో చూసే లెక్కతో) కనీసం రెండు డ్రైవుల్లోకి ఎక్కించి సరిచూశాకే ఫార్మాట్‌కు ఇవ్వడం. మొదటి అవకాశం తెచ్చేవి ఈ పనులే. సిలబస్‌లో వీటికి ఒక్క క్లాసు కూడా లేదు.

షోరీల్ (పని అడిగేటప్పుడు చూపించే మన షాట్ల వీడియో) సంగతి ఇంకా ఇబ్బందికరం. ఫ్యాకల్టీ లైట్ చేసిన ఒకే సీనులోని షాట్లను అందరి రీల్స్‌లోనూ పెడుతున్నారు. అసిస్టెంట్ కోసం చూసే కెమెరామన్‌కు రెండు రీల్స్‌లో ఒకే షాట్ కనిపిస్తే రెంటినీ పక్కన పెట్టేస్తారు.

కాబట్టి మూడో టర్ము మొదలయ్యేలోపు కదిలే లైట్లతో, మీటరుతో లైటింగ్ క్లాసులు మళ్లీ పెట్టాలి. బ్యాచ్‌ను విభజించి కెమెరాకు నలుగురి చొప్పున స్లాట్లు ఇవ్వాలి. ప్రతి విద్యార్థికీ తానే లైట్ చేసి తీసే ఒక ఎక్సర్‌సైజు, దాని రషెస్ (ఎడిట్ చేయని ఫుటేజీ) పూర్తిగా ఇవ్వాలి. డేటా హ్యాండ్లింగ్, ఫ్లికర్, ఫిల్ము లోడింగ్ సిలబస్‌లో చేర్చాలి. ప్లేస్‌మెంట్ వాక్యాన్ని బ్రోషర్ నుంచి తీసేయాలి. మానుకోవాలనుకునే వారికి జరగని ప్రాక్టికల్స్ మేరకు ఫీజు వెనక్కివ్వాలి.

15 రోజుల్లోగా తేదీలతో కూడిన రాతపూర్వక జవాబు కోరుతున్నాం. బ్రోషర్ ప్రతి, జరిగిన క్లాసుల పట్టిక, ఫ్లికర్ పడిన షాట్లు ఉన్న డ్రైవు దీనికి జతచేశాం.

ఇట్లు,
సినిమాటోగ్రఫీ డిప్లొమా బ్యాచ్ విద్యార్థులు