సమోసాలకి వేసిన మార్కులు

బావా,

నీ ఉత్తరం వచ్చి పదిరోజులు దాటింది. తిట్టుకుంటూనే ఉంటావు. ఏం చెయ్యను, ఫ్యాక్టరీ షాప్ ఫ్లోర్ మీద, మిషన్ల మధ్య నా మానాన నేనున్నవాణ్ణి పట్టుకొచ్చి ట్రైనింగ్ నెత్తిన పెట్టారు.

పోయిన నెల కుర్రాళ్ళందర్నీ హోటల్‌కి తీసుకెళ్ళి రెండ్రోజులు క్వాలిటీ మీద క్లాసులు పెట్టించాం. ఏసీ, స్లయిడ్లు, వేడి సమోసాలు. చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారాలిస్తే ఒక్కడూ ఐదుకి తక్కువ వెయ్యలేదు. నిజానికి ఆ మార్కులు సమోసాలవి. మా మేనేజర్‌గారు మాత్రం తెగ మురిసిపోయారు. వారం తిరక్కుండా, మేం చేసిన షాఫ్టులు, అదే ఇరుసు కడ్డీలు, బేరింగుల్లో దూరడం లేదని కస్టమర్ సరుకంతా తిప్పి పంపాడు.

మా దగ్గర కొలిస్తే అన్నీ కరెక్టే! జుట్టు పీక్కున్నాం. చివరికి మా పాత సూపర్‌వైజర్, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ మనిషి, ఓ కుర్రాడి పక్కన నిలబడి చూశాడు. వాడు మైక్రోమీటర్‌ని, అదే మందం కొలిచే పరికరాన్ని, కుళాయి కట్టేసినట్టు బిగిస్తున్నాడు. అంత బిగిస్తే రీడింగ్ అసలు సైజు కన్నా తక్కువ వస్తుంది కదా, లావు షాఫ్టు కూడా పాసైపోతుంది. ఆయన వాడి వేళ్ళు పట్టుకుని వెనక ర్యాచెట్ మీద, అంటే సరిపడా బిగిశాక టిక్కుమని జారిపోయే పిడి మీద, పెట్టించి, "టిక్ టిక్‌మందా? ఇంక ఆపెయ్" అన్నాడు. తర్వాత వాడి చేతే చేయించాడు. అలా ఎందుకు చెయ్యాలో వాడి నోటితోనే చెప్పించాడు. మర్నాడు మళ్ళీ వచ్చి చూశాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా కార్ఖానాల సూపర్‌వైజర్లకి నేర్పింది అచ్చం ఇదే. ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అని 1940 నుంచి 1945 దాకా నడిచింది. సిద్ధం చెయ్యి, చూపించు, చేయించు, మళ్ళీ వెళ్ళి చూడు, అంతే. తర్వాత టయోటా వాళ్ళూ దాన్నే పట్టుకున్నారు. 1959లో కిర్క్‌పాట్రిక్ అనే ఆయన ట్రైనింగ్‌ని నాలుగు మెట్లలో కొలవమన్నాడు: నచ్చిందా, వచ్చిందా, పనిలో మార్పుందా, కంపెనీకి ఏమైనా ఒరిగిందా. మేం మొదటి మెట్టు మీదే కూర్చుని సమోసాలు తిన్నాం.

ఆ కుర్రాడి మిషన్ నుంచి ఇప్పుడు సైజు తేడా షాఫ్టు రావడం లేదు. అందరికీ అలాగే నేర్పిద్దాం, రోజుకో గంట ఇవ్వండంటే, మిషన్ ఆగితే ఎవరిది పూచీ అని ప్రొడక్షన్ వాళ్ళ గొడవ. హోటల్‌కి పంపిన రెండ్రోజులూ ఈ పూచీ ఎక్కడికి పోయిందో! సోమవారం మీటింగుంది. తిరిగొచ్చిన షాఫ్టొకటీ, ఆ మైక్రోమీటరూ బల్ల మీద పెట్టి, మేనేజర్‌గారినే కొలవమంటా.

చెల్లాయిని అడిగానని చెప్పు. దసరాకి వస్తున్నావో లేదో అది మాత్రం వెంటనే రాయి.

నీ
బావ