హైదరాబాద్–దుబాయ్: రెండున్నర గంటలు కాదు

సంపాదకులకు,

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి రెండున్నర గంటలే పడుతుందని, తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఐదు గంటలని పాలమూరులో చాలామంది నమ్ముతున్నారు. టికెట్ మీది రెండు టైములు తీసివేస్తే వచ్చే లెక్క ఇది. రెండూ తప్పే. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే ఉంటుంది. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. శంషాబాద్‌లో రాత్రి 10కి బయలుదేరి అక్కడ 12.20కి దిగుతుందని ఉంటే గంటన్నర కలపాలి, అప్పుడు 3 గంటల 50 నిమిషాలు. అక్కడ 10కి ఎక్కి ఇక్కడ 3 గంటలకు దిగితే గంటన్నర తీసేయాలి, మూడున్నర గంటలు. మిగిలిన ఇరవై నిమిషాల తేడా గాలిది. చలికాలంలో పై ఎత్తున పడమటి గాలి బలంగా వీస్తుంది. పోయేవారికి అది ఎదురుగాలి, వచ్చేవారిని వెనక నుంచి తోస్తుంది.

అంతకంటే ఎక్కువ నష్టం చేసేది తేదీ. టికెట్ మీద 15వ తేదీ 00.40 (అర్ధరాత్రి దాటాక 12.40) అని ఉంటే 14 రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. 15 సాయంత్రం సామాను సర్దుకుని వచ్చేసరికి విమానం ముందు రాత్రే పోయి ఉంటుంది, టికెట్ డబ్బులో చేతికొచ్చేది చాలా తక్కువ. విదేశీ ప్రయాణానికి మూడు గంటల ముందు చేరాలి. చాలా సంస్థలు గంట ముందే కౌంటర్ మూసేస్తాయి. అంటే ఆ టికెట్‌కు మహబూబ్‌నగర్‌లో 14న రాత్రి 7 గంటలకల్లా బండెక్కాలి.

దూరం లెక్క కూడా చెప్పాలి. దుబాయ్‌కి ఆకాశ మార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. ముంబయికి రోడ్డున 710 దాకా ఉంటే ఆకాశంలో 620. గంటకు 800 చొప్పున చూస్తే ముంబయికి ముప్పావు గంట చాలు, టికెట్ మీద మాత్రం గంటన్నర ఉంటుంది. విమానం గేటు వదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా లెక్కిస్తారు. పైగా ముంబయిలో రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి, రెండింటినీ ఒకేసారి వాడలేరు. దిగడానికి ఆకాశంలో చక్కర్లు మామూలే. అందుకే ముంబయిలో మారి గల్ఫ్ పోయేవారు వేర్వేరు టికెట్లు కొంటే మధ్యలో కనీసం నాలుగైదు గంటలు పెట్టుకోవాలి. సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, టెర్మినల్ కూడా మారవచ్చు.

రోడ్డు సంగతి. మహబూబ్‌నగర్ వాళ్లు నగరంలోకి పోనక్కర్లేదు, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా వస్తే శంషాబాద్ ముందే తగులుతుంది. హైదరాబాద్‌లోని ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా పోయి వెనక్కి రావడం దండగ. నల్లగొండ వాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాలి. సంక్రాంతి అయిపోయి జనం నగరానికి మళ్లే రోజుల్లో ఆ దారిలోని (విజయవాడ హైవే) పంతంగి టోల్‌గేట్ దగ్గర బండ్లు బారులు తీరతాయి. ఆ రోజుల్లో రెండు గంటలు అదనంగా చూసుకోవాలి.

కొత్త విమాన సర్వీసుల వార్త వేసేటప్పుడు మీరు రెండు ఊళ్ల టైములతో పాటు ప్రయాణ గంటలు, అర్ధరాత్రి విమానాలకు ‘ముందు రాత్రే చేరాలి’ అన్న మాట కూడా అచ్చు వేయాలని కోరుతున్నాం.

– టికెట్ బుకింగ్ ఏజెంట్లు, మహబూబ్‌నగర్