మంచం మీద పందిరి: విప్పుకోగలిగిన చట్రం గురించి అబ్బాయికి

చిరంజీవి చిన్నాకు,

అమ్మ దీవించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరం అందింది. గోడలకు మేకులు కొట్టరాదని ఇంటివారు ముందే చెప్పారనీ, ఏడాదికో రెండేళ్ళకో ఇల్లు మారక తప్పదనీ, మారిన ప్రతిచోటా మంచం కొలత వేరుగా ఉంటోందనీ, అందువల్ల మంచానికే అమర్చుకుని, అవసరాన్ని బట్టి పెంచుకుని తగ్గించుకుని, అక్కర తీరాక విప్పి పక్కన పెట్టుకునే పందిరి చట్రం ఒకటి కావాలనీ వ్రాశావు. కొనాలా, చేయించాలా అని కూడా అడిగావు. చేయించమనే నా సలహా. అయితే కొన్నదైనా చేయించినదైనా చూసుకోవలసిన సంగతులు ఒకటే కాబట్టి, ఇరవై ఏళ్ళకు పైగా అటువంటి చట్రాన్ని విప్పుతూ బిగిస్తూ వచ్చిన దానిగా నాకు తెలిసినదంతా వ్రాస్తున్నాను. కోడలితో కలిసి చదువు. రోజూ తెర దించేదీ ఎత్తేదీ మీరిద్దరే కదా.

దోమతెరకు చట్రం ఎందుకు, నాలుగు తాళ్ళతో లాగి కట్టుకుంటే చాలదా అని చాలామంది అంటారు. తెర చేయవలసిన పని దోమను లోపలికి రానివ్వకపోవడం ఒక్కటే కాదు, మన ఒంటికి దూరంగా నిలబడడం కూడా. మంచి తెరకు చదరపు అంగుళంలో 156 కన్నులుంటాయి. ఆ కన్నులో నుంచి దోమ దూరలేదు కానీ దాని తొండం తేలికగా దూరుతుంది. నిద్రలో మోచేయి తెరకు ఆనుకుందంటే, బయట వాలిన దోమకు అంతే చాలు. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమలు ఎక్కువగా కుట్టేది కూడా మనం ఒళ్ళు తెలియకుండా పడుకున్న వేళలోనే. తాళ్ళతో కట్టిన తెర నడిమిన కుంగి, మూలలు లోపలికి ముడుచుకుని మీద పడుతుంది. నాలుగు మూలలనూ ఎడంగా పట్టి ఉంచే కడ్డీలు పైన ఉన్నప్పుడే తెర నిటారుగా దిగి, మంచం చుట్టూ చిన్న గదిలా నిలుస్తుంది.

మొదట మన ఇంట్లో ఉన్న చట్రం నీకు లీలగా గుర్తుండవచ్చు. అప్పటికి నీకు ఆరేళ్ళు. నిలువు పైపులు ఒకదానిలో ఒకటి దూరి పైకీ కిందికీ జరిగేవి. వాటిని ఆపేది పక్క నుంచి బిగించే చిన్న స్క్రూ ఒక్కటే. రెండు మూడు నెలలు బాగానే ఉంది. తరువాత తలవైపు తెర వదులవుతున్నట్టు అనిపించేది. గుడ్డ సాగుతోందనుకుని నేను ప్రతి రాత్రీ అంచును పరుపు కిందికి ఇంకొంచెం దోపుతూ వచ్చాను. నేను దోపిన కొద్దీ ఆ లాగుడుకే పైపు ఇంకొంచెం దిగుతోందని నాకు తట్టలేదు. ఒక అర్ధరాత్రి తలవైపు కుడి మూల ఒక్కసారిగా కిందికి జారింది. అడ్డకడ్డీ చివర మంచం తలపట్టెకు తగిలి ఆగింది కాబట్టి సరిపోయింది; అక్కడి నుంచి నీ తలగడకు జానెడు దూరం. నువ్వు కదలనైనా లేదు. నేను తెల్లవార్లూ నీ పక్కన కూర్చున్నాను. పొద్దున వెలుతురులో చూస్తే, లోపలి పైపు మీద స్క్రూ మొన గీసిన సన్నటి తెల్లని గీత నిలువునా నాలుగంగుళాల పొడవున ఉంది. ఆ గీత పొడవునా అక్కడక్కడ, వేలితో తడిమితేనే తెలిసే చిన్న చిన్న నొక్కులు ఉన్నాయి. పైపు ఏ రాత్రి ఎంత దిగి ఎక్కడ ఆగిందో ఆ నొక్కులే చెప్పాయి.

అందుకే అన్నిటికంటే ముందు చెప్పేది ఇది. ఎత్తు మార్చే చోట బరువును స్క్రూ బిగింపుకు వదలకూడదు. రెండు పైపులలోనూ రంధ్రం చేసి, అడ్డంగా దూర్చిన పిన్ను మీద ఆ బరువు నిలవాలి. చంకకర్రల ఎత్తు మార్చడానికి లోపలి నుంచి స్ప్రింగుతో పొడుచుకువచ్చే బొత్తాం ఉంటుంది చూడు, అటువంటిదైనా సరే, ఉంగరం తగిలించిన మామూలు ఇనుప పిన్నైనా సరే. లోపలి పైపుకు అంగుళానికొక రంధ్రం, బయటి పైపుకు ఒకే ఒక రంధ్రం వేయించు. స్క్రూ కూడా ఉండనీ, కానీ దాని పని పైపు ఊగకుండా ఒత్తి పట్టడం వరకే. చట్రం కొనదలచుకుంటే, అంగడిలోనే పిన్ను తీసి, స్క్రూ ఎంత బిగించాలో అంత బిగించి, పై పైపును రెండు చేతులతో కిందికి నొక్కి, స్క్రూ ఒక్కటే దానిని ఎంతవరకు ఆపుతుందో చూడు. పిన్ను పెట్టుకునే వీలే లేని చట్రమైతే, ఎంత అందంగా ఉన్నా ఇంటికి తేవద్దు.

కొలతలు చెబుతాను. నేల మీద నిలబడే కింది పైపు నాలుగున్నర అడుగులు, దానిలో దూరే పై పైపు మూడడుగులు ఉంచు. ఎంత పెంచినా లోపల కనీసం జానెడు, అంటే తొమ్మిది అంగుళాలు మిగిలి ఉండాలి. అంతకంటే తక్కువ మిగిలితే ఆ అతుకు దగ్గర పైపు తల వాలుస్తుంది. ఆ లెక్కన చట్రం ఎత్తు నాలుగున్నర అడుగుల నుంచి ఆరడుగుల తొమ్మిదంగుళాల వరకు మారుతుంది, మీకు అంతకుమించి అక్కర లేదు. అడ్డకడ్డీలూ ఇలాగే. ఆరున్నర అడుగుల పొడవు కావలసిన చోట నాలుగేసి అడుగుల ముక్కలు రెండు తీసుకుంటే, అడుగున్నర మేర ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. మంచం పెద్దదైతే ఇంకో ఆరంగుళాలు సాగదీయవచ్చు. ఇల్లు మారేటప్పుడు అన్నిటికంటే పొడవైన ముక్క నాలుగున్నర అడుగులకు మించదు కాబట్టి ఏ బండిలోనైనా ఇట్టే పడుతుంది.

పైపుల మందం కూడా చూడాలి. బయటి పైపు 25 మిల్లీమీటర్లు, దాని గోడ 1.2 మిల్లీమీటర్లు అయితే లోపలి ఖాళీ 22.6 మిల్లీమీటర్లు వస్తుంది. అందులో 22 మిల్లీమీటర్ల పైపు దూరుతుంది. మిగిలిన ఆ అర మిల్లీమీటరు పైచిలుకు సందు వల్లనే, ఎవరైనా పక్కకు ఒత్తిగిలినప్పుడల్లా చట్రం కిటకిటలాడుతుంది. అతుకు దగ్గర రెండు పైపుల నడుమ సందు పూడ్చే పలుచని ప్లాస్టిక్ తొడుగు, అంటే బుష్, వేయిస్తే ఆ చప్పుడు పోతుంది. కోసిన ప్రతి అంచునూ, రంధ్రం చేసిన ప్రతి చోటునూ ఆకురాయితో నున్నగా రాయించి, చివరలకు రబ్బరు మూతలు తొడిగించు. పైపు అంచున మిగిలిన సన్నని లోహపు మొన ఒక్కటి చాలు, తెరను బారెడు చించడానికి.

ఇనుమా, అల్యూమినియమా, ప్లాస్టిక్ పైపులా అన్న ప్రశ్నకు నా జవాబు అల్యూమినియం. మీ మంచానికి కావలసిన పైపు అంతా కలిపి అరవై అడుగులు దాటుతుంది. ఇనుములో అది పన్నెండు కిలోల దాకా తూగితే, అల్యూమినియంలో దాదాపు నాలుగు కిలోలే తూగుతుంది. అల్యూమినియం బిరుసుతనం ఇనుములో మూడో వంతేనన్నది నిజమే కానీ, చట్రం మోయవలసిన బరువు ఏపాటిదని? ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు మంచానికి తెర గుడ్డ పదిహేడు పద్దెనిమిది చదరపు మీటర్లు పడుతుంది. చదరపు మీటరుకు 40 గ్రాములు తూగే పాలిస్టర్ వల అయితే మొత్తం ముప్పావు కిలో కూడా ఉండదు. అదే 150 గ్రాముల నూలు గుడ్డతో మేలుకట్టు కడితే రెండున్నర కిలోలు దాటుతుంది. రెండింటినీ అల్యూమినియం సునాయాసంగా మోస్తుంది. నీళ్ళ గొట్టాలకు వాడే పీవీసీ పైపులు మాత్రం వద్దు. ఆరడుగుల దూరంలో అవి మొదటి రోజే కంటికి కనిపించేంత కుంగుతాయి, ఎండాకాలం గడిచేసరికి ఆ వంపు అలాగే ఉండిపోతుంది.

చట్రాన్ని ఇబ్బంది పెట్టేది పై నుంచి పడే బరువు కాదు, పక్క నుంచి వచ్చే ఊపు. తెర అంచును దోపినప్పుడు నాలుగు మూలలూ లోపలికి లాగబడతాయి. పాప తెర పట్టుకుని లేచి నిలబడిందంటే ఇంకా ఎక్కువ. నాలుగు కడ్డీలను చతురస్రంగా కలిపితే అది తేలికగా పక్కకు వాలుతుంది, మూడు కడ్డీల త్రికోణం వాలదు. కాబట్టి తలవైపు రెండు మూలలలోనూ, నిలువు పైపుకూ అడ్డకడ్డీకీ మధ్య ఐమూలగా చిన్న ఆసరా కడ్డీలు వేయించు. రెండు వైపులా అడుగేసి దూరంలో తగిలించుకోవాలంటే ఆ కడ్డీ పదిహేడు అంగుళాలు ఉండాలి. నిలబెట్టాక, పై చట్రాన్ని మూల నుంచి ఎదుటి మూలకు రెండు విధాలా టేపుతో కొలువు. ఆరడుగులు, ఆరున్నర అడుగుల చట్రానికి రెండు ఐమూలలూ ఎనిమిది అడుగుల పది అంగుళాలు రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వచ్చిందంటే చట్రం వంకరగా ఉన్నట్టే, తెర ఒక మూల బిగిసి ఇంకో మూల వేలాడుతుంది.

మంచానికి పట్టు ఎలా అని అడిగావు. కోళ్ళ మంచమైతే, నిలువు పైపును పక్కపట్టెకు ఆనించి, లోపల రబ్బరు అతికించిన సి-క్లాంపులు ఒక్కొక్క పైపుకు రెండేసి, జానెడు ఎడంగా బిగించు. ఒక్కటే బిగిస్తే పైపు దాని చుట్టూ తిరుగుతుంది. కింద సామాను అరలున్న మంచమైతే క్లాంపు పట్టే చోటు ఉండదు. అప్పుడు పైపు అడుగున అడుగున్నర పొడవైన ఇనుప పట్టీని అడ్డంగా వెల్డింగు చేయించి, ఆ పట్టీని పరుపు కిందికి దూర్చాలి. పరుపు బరువూ, పడుకున్నవారి బరువూ దానిని అదిమి పడతాయి. అటువంటి పైపు నేల మీద కాక మంచం మీదే నిలబడుతుంది కాబట్టి, కింది ముక్క పొడవును మంచం ఎత్తు మేరకు తగ్గించుకోవాలి. ఇనుప పట్టీ అతకాలి కాబట్టి ఆ నాలుగు కింది ముక్కలను మాత్రం ఇనుముతోనే చేయించు.

విప్పడం సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం. ఒక్క మనిషి, ఏ పనిముట్టూ లేకుండా విప్పలేని చట్రం మీద తెర నెలల తరబడి ఉతుకు చూడదు. దుమ్ము పట్టి కన్నులు మూసుకుపోయిన తెరలో గాలి ఆడదు. ఉక్కకు తట్టుకోలేక తెరను ఎత్తిపెట్టుకుని పడుకుంటారు, ఇక అది ఉండీ లేనట్టే. అందుకని రెంచీతో తిప్పే బోల్టులకు బదులు చేతితో తిప్పే రెక్కల నట్లు వేయించు. పైభాగాన్ని ముందు పొట్టివైపు కడ్డీలతో మొదలుపెట్టి విప్పు. పొడవు కడ్డీలు ఆసరాల మీద ఆగి ఉంటాయి కాబట్టి వాటిని చివరకు తీయవచ్చు. ఏ ముక్క ఏ మూలదో తెలియడానికి ఒక్కొక్క మూలకు ఒక్కో రంగు గుర్తు పెట్టు. పిన్నులన్నిటినీ చిన్న దారాలతో వాటి పైపులకే కట్టి ఉంచు. తెరకు మూరెడుకొక నాడా కుడతాను. ఒక కొస లాగితే ఊడివచ్చేలా ముడి వేసుకోండి.

ఇటువంటి అవసరం మనకే కొత్తగా వచ్చింది కాదు. 1925లో ఈజిప్టులోని గీజాలో హెటెఫెరెస్ రాణి సమాధి బయటపడినప్పుడు, అందులో విడివిడి ముక్కలుగా మంచం మీది పందిరి చట్రం ఒకటి దొరికింది. ఆమె పెద్ద పిరమిడ్ కట్టించిన ఖుఫు రాజుకు తల్లి. నాలుగున్నర వేల ఏళ్ళ నాటి ఆ కొయ్య చట్రానికి బంగారు రేకు తాపడం చేశారు, కలిసే చోట్ల మాత్రం రాగి తొడుగులు వేశారు. ఆ బొమ్మ చూసినప్పుడు నా కన్ను బంగారం మీద కాక ఆ రాగి మీదే నిలిచింది. మాటిమాటికీ విప్పి కలిపే చోట కొయ్య అరిగిపోతుందని ఆ వడ్రంగికి తెలుసు. నీ పైపుల అతుకులలో బుష్ వేయించమన్నదీ అందుకే. పందిరిని ఇంగ్లీషులో కానపీ అంటారే, ఆ మాటకు కూడా మూలం దోమ అని అర్థమిచ్చే గ్రీకు మాట కోనోప్స్.

ఇక జాగ్రత్తలు. చట్రం పైభాగానికీ ఫ్యాను రెక్కలకూ మధ్య రెండడుగులకు తగ్గకుండా ఉండాలి. తెరను దులిపి కప్పేటప్పుడు ఫ్యాను ఆపాలి. పాప చేతికి అందేంత కిందుగా ఏ తాడూ, ఏ నాడా కొసా వేలాడకూడదు, ఉచ్చులా ముడిచిన తాడు అసలే ఉండకూడదు. పాప పడుకునే ప్రతి రాత్రీ పిన్నులు నాలుగూ చేతితో తాకి చూడు. పాలిస్టర్ వల నిప్పు తగిలితే కరిగి బొట్లుగా కారుతుంది కాబట్టి దీపం గానీ, దోమల చుట్ట గానీ దాని దరిదాపులలో పెట్టవద్దు.

తెర నేనే కుడతాను, గుడ్డ నా దగ్గర ఉంది. దానికి నాకు కావలసినవి: పరుపు పొడవు, వెడల్పు, మందం, నేల నుంచి పరుపు పైభాగం ఎత్తు, నేల నుంచి ఫ్యాను రెక్క ఎత్తు, మంచం పక్కపట్టె మందం. పరుపు మీద ఒకరు కూర్చుని ఉండగా ఎత్తు కొలవండి, ఎందుకంటే మెత్తని పరుపు రెండంగుళాల దాకా దిగుతుంది. చట్రాన్ని నేల నుంచి ఆరున్నర అడుగుల ఎత్తున నిలిపి, పరుపు రెండడుగుల ఎత్తున ఉందనుకుంటే, తెర దిగవలసింది నాలుగున్నర అడుగులు, దోపుడుకు ఇంకో పది అంగుళాలు. మీ కొలతలు వచ్చేవరకు గుడ్డకు కత్తెర తగిలించను.

ఇట్లు,
మీ అమ్మ