పిల్లల పేజీలో రంగులు ఎందుకు పట్టవు?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పిల్లల పేజీలో ‘రంగులు వేయండి’ అంటూ వారం వారం ఒక బొమ్మ ఇస్తున్నారు. సంతోషం. నేను హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారిగా చేసి రిటైరైనవాణ్ని. మా వీధి పిల్లలు ఆ పేజీ పట్టుకుని మా అరుగు మీదకి చేరతారు. అందరిదీ ఒకటే గోల: ‘‘మాస్టారూ, రంగు పట్టట్లేదు!’’ గట్టిగా రుద్దితే కాగితం చిరుగుతుంది, మెల్లగా రుద్దితే బొమ్మ వెలవెలబోతుంది.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. కలర్ పెన్సిల్‌కి కాగితంలో కాస్త గరుకు ఉండాలి. ఆ గరుకే పెన్సిల్ లోపలి రంగు ములుకుని కొద్దికొద్దిగా అరగదీసి, రంగుని పట్టి ఉంచుతుంది. న్యూస్‌ప్రింట్ పల్చన, మెత్తన. మామూలు జిరాక్స్ కాగితమే 75 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 75 గ్రాముల బరువు) ఉంటుంది, మీ పేజీ అంతకంటే పల్చన. పొర మీద పొర వేయాలంటే 150 జీఎస్ఎం డ్రాయింగ్ షీటైనా కావాలి. మందం కాగితం మీద పేపరు అచ్చు వేయమని నేను అడగను. ‘పేజీలోని బొమ్మ కత్తిరించి పంపితేనే పోటీకి తీసుకుంటాం’ అనే షరతు మాత్రం ఎత్తేయండి. కిటికీ అద్దానికి పేజీ ఆనించి, దాని మీద షీటు పెట్టి గీసుకుంటే పిల్లలకి గీత మీద చెయ్యి కూడా తిరుగుతుంది.

రెండోది, మీరిచ్చే బహుమతి. గెలిచిన పిల్లాడికి నలభై ఎనిమిది రంగుల పెట్టె పంపారు. వాళ్లమ్మ మురిసిపోయి నాకు తెచ్చి చూపించింది. అందులో బంగారం, వెండి, కళ్లు జిగేల్‌మనే ఫ్లోరసెంట్ రంగులు అన్నీ ఉన్నాయి, కానీ ఒక్కటీ సరిగ్గా గీయదు. ములుకులో ఉండేది రంగుపొడి, దాన్ని అంటిపెట్టే మైనమో నూనో, ఇంకాస్త తెల్లమట్టి లాంటి పొడి. చవక సరుకులో రంగుపొడి తగ్గి మిగతావి పెరుగుతాయి. పెట్టె మీద అంకె ఎంత పెద్దదైతే మాత్రం ఏం లాభం?

కొనేముందు చూడాల్సినవి పెద్దగా ఏమీ లేవు. పెన్సిల్ వెనక వైపు చూడండి. ములుకు సరిగ్గా నడిమధ్యన ఉండాలి. పక్కకి జరిగి ఉంటే చెక్కినప్పుడు ఒకవైపు చెక్క మొన దాకా వచ్చేస్తుంది. తర్వాత ఒక కాగితం ముక్క మీద నీలం లేతగా రుద్ది, దాని మీద పసుపు రుద్దండి. ఆకుపచ్చ వస్తే తీసుకోండి. పసుపు జారిపోతుంటే వద్దు. గీసి చూస్తామంటే మొహం చిట్లించే షాపువాళ్లున్నారు, వాళ్ల దగ్గర కొనకండి.

మంచివి పన్నెండు చాలు. బంగినపల్లి మామిడిపండు వేయాలనుకోండి. ముందు లేత పసుపు, చెయ్యి తేలిగ్గా ఉంచి, పండు ఒంపు వెంటే రుద్దాలి. మెరుపు ఉన్నచోట కాగితాన్ని అలాగే వదిలేయాలి, తర్వాత తెల్ల పెన్సిల్‌తో తెద్దామంటే రాదు. తొడిమ దగ్గర రవ్వంత ఆకుపచ్చ, పక్కలకి నారింజ. నీడ అనగానే పిల్లలు నలుపు తీస్తారు, పండు కాస్తా కుళ్లినట్టు కనిపిస్తుంది. నలుపు బదులు గోధుమరంగు, దాని మీద వంకాయ రంగు పల్చగా వేసి చూడమనండి. చివర్న తెల్ల పెన్సిల్‌తో గట్టిగా రుద్దితే పొరలన్నీ కలిసి తొక్క నున్నగా తేలుతుంది. ప్రతి పెట్టెలోనూ పొడుగ్గా మిగిలిపోయే ఆ తెల్ల పెన్సిల్‌కి అసలు పని ఇదే.

తల్లులకి ఒక మాట. అస్తమానం మొన విరుగుతోందని పిల్లల్ని తిట్టకండి. పెట్టె బెంచీ మీంచి కిందపడితే పైకి ఏమీ కనిపించదు గానీ, లోపల ములుకు ముక్కలవుతుంది. ఆపైన ఎన్నిసార్లు చెక్కినా మొన ఊడొస్తూనే ఉంటుంది. మొద్దుబారిన షార్పనర్ కూడా అంత పనీ చేస్తుంది.

పెద్ద క్లాసుల పిల్లలు, సరదాగా మళ్లీ మొదలుపెట్టిన పెద్దవాళ్లు కాస్త ఖరీదైనవి కొనుక్కోవచ్చు. ఫేబర్ కాస్టెల్ కంపెనీ వాళ్ల పాలీక్రోమోస్ అనే కలర్ పెన్సిల్ 1908 నుంచీ ఉంది. అది నూనె రకం, విడిగా ఒక్కో రంగూ దొరుకుతుంది. దాని ఒంటి మీద చిన్న నక్షత్రం గుర్తులుంటాయి. మూడుంటే ఆ రంగు వెలుతురికి చాలాకాలం నిలుస్తుందని లెక్క. ఫ్రేము కట్టించి గోడకి తగిలించేవాళ్లకే ఈ బాధంతా. చవక పెట్టెల్లోని గులాబీ, ఊదా రంగులైతే తొందరగా వెలిసిపోతాయి. అనుమానముంటే ఒక గీతలో సగం అట్టతో మూసి, ఎండ పడే కిటికీలో ఒక వేసవి ఉంచి చూడండి.

ముప్పై నిండకుండానే పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు గారి పేర చిత్రకళాశాల ఉన్న ఊరు మాది. ఇక్కడి పిల్లలు గీస్తామంటే వద్దనేవాళ్లు తక్కువ, ఏం కొనివ్వాలో తెలిసినవాళ్లూ తక్కువే. అందుకని, మీ సంక్రాంతి పోటీ ప్రకటన వేసేలోపు ఆ కత్తిరింపు షరతు తీసేసి, బహుమతిగా పన్నెండు మంచి పెన్సిళ్లు, ఒక డ్రాయింగ్ పుస్తకం, ఒక పదునైన షార్పనర్ పెట్టండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
రాజమహేంద్రవరం